చూచుట చదువుట కాదు

"యంత్రము కన్ను తెఱచినది గనుక ఇక మనుష్యుడు చదువ నక్కఱలేదు" అను మాట మన విద్యావంతులలో నానాటికి వ్యాపించుచున్నది. నాలుగువేల యేండ్ల క్రిందట బాబిలోనియావారు తడిమట్టి ఫలకములపై నొత్తిన వ్రాతలను నేడు కెమెరాయు కంప్యూటరును కలసి గుర్తించుచున్నవని విన్నప్పటినుండి ఈ మాటకు మఱింత బలము కలిగినది. అంత ప్రాచీనమైన లిపియే యంత్రమునకు లొంగగా మన గుళ్లలోని శాసనములు లొంగవా? ఛాయాచిత్రములు తీసి యుంచిన చాలును; తక్కినది యంత్రము చూచుకొనును; శాసనలిపులు నేర్పు బడులేల? కొండభాషలు నేర్చు శ్రమ యేల? ఇట్లు వాదించువారు సభలలోను పత్రికలలోను కనబడుచున్నారు. వారి యాశ మంచిదే. తర్కము మాత్రము తలక్రిందైనది. యంత్రము చదువరికి తోడేగాని చదువరికి బదులు కాదనియు, చదువరులు లేనిచోట యంత్రమునకు కన్నుండియు చూపుండదనియు, ఈ సత్యమును మఱచినయెడల అందఱికంటె ముందు నష్టపడువారు మన తూర్పుకనుమల మన్యమువారే యనియు మేము చెప్పదలచితిమి.

మొదట ఆ మట్టిఫలకముల సంగతియే చూతము. క్యూనిఫారము అను ఆ వ్రాతను మేకులిపి యని మనము పిలువవచ్చును. రెల్లుపుల్ల కొనను తడిమట్టిలో నొత్తగా మేకు తలవలె వెడల్పుగా మొదలై మొనదేలు గుంటలు పడును. అట్టి గుంటల కూర్పే యక్షరము. క్రీస్తుకు పూర్వము 3200 ప్రాంతమున సుమేరు దేశమున పుట్టిన యీ వ్రాత మూడువేల యేండ్లకు పైగా సుమేరియను, అక్కాదియను, హిట్టైటు మొదలగు పెక్కు భాషల కుపయోగపడి, క్రీస్తుశకము మొదటి శతాబ్దమున అంతరించినది. ఋణపత్రములు, ధాన్యపు లెక్కలు, వైద్యము, జ్యోతిషము, రాజుల ప్రగల్భములు, కొడుకు తల్లికి వ్రాసిన యుత్తరములు, అన్నియు ఆ మట్టిలోనే కలవు. ఒక్క బ్రిటిషు మ్యూజియమునందే సుమారు 1,30,000 ఫలకములును తునకలును ఉన్నవి.

అంతరించిన పిమ్మట పదునేడువందల యేండ్లకు పైగా ఆ వ్రాతను చదువగలవాడు భూమిమీద నొక్కడును లేకపోయెను. అది చూచుటకు కన్నులు లేకనా? పారసీకదేశపు పెర్సిపోలిస్ శిథిలములను చూచినవారు పలువురు కలరు. అవి యక్షరములు కావు, శిల్పుల చిత్రవినోదములని తలచిన పండితులును ఉండిరి. కార్స్టెన్ నీబూర్ 1765లో ఆ వ్రాతలను గీతకు గీతగా ఎత్తి వ్రాసికొనెను. వానిని ముందిడుకొని గ్రోటెఫెండ్ అను జర్మను ఉపాధ్యాయుడు 1802లో రాజుల పేళ్లు కొన్ని పోల్చగలిగెను. హెన్రీ రాలిన్సన్ 1835 మొదలుకొని బెహిస్తూను కొండగోడపై ప్రాణాపాయమునకు వెఱవక యెక్కి, డరయస్ చక్రవర్తి మూడు భాషలలో చెక్కించిన శాసనమును ఎత్తి వ్రాసెను. ఒక భాష తెలిసిన పిదప దానిని పట్టుకొని రెండవదానిని, రెండవదానిని పట్టుకొని మూడవదానిని సాధించిరి.

ఈ చరిత్రలో మన వాదమునకు మిక్కిలి అక్కఱకు వచ్చు పురుషు డొకడున్నాడు. ఒక్క నెగటివునుండి పెక్కు ప్రతులు తీయు ఛాయాచిత్ర పద్ధతికి 1841లో పేటెంటు పొందిన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బటు ఆతడు. నేటి కెమెరాల వంశమునకు మూలపురుషులలో నొకడు. ఆతడే 1857లో అస్సిరియా రాజైన మొదటి తిగ్లత్ పిలేసరు శాసనము నొకదానిని తాను భాషాంతరించి, ముద్రవేసి లండనునందలి రాయల్ ఏషియాటిక్ సొసైటీకి పంపి, ఇతర పండితులచేతను వేఱువేఱుగా భాషాంతరము చేయించి పోల్చి చూడుడని కోరెను. రాలిన్సన్, హింక్స్, ఒప్పెర్టు అనువారును అట్లే చేసిరి. నలుగురి యర్థములును ముఖ్యాంశములలో నొక్కటియైనవి. మేకులిపి చదువబడినదని లోకము నమ్మినది ఆనాడే. ఆ ఛాయాచిత్ర పద్ధతిని కనిపెట్టినవాడు సయితము, నా కెమెరా చిత్రము తీసినది గనుక చదువు ముగిసినదని యనుకొనలేదు. కూర్చుండి భాష నేర్చెను. అంతటివాడు చేయక తప్పని పనిని మనవారు మాత్రము తప్పించుకొనజూచుచున్నారు!

ఇక నేటి దృశ్యయంత్రము ఏమి చేయుచున్నది? మట్టిఫలకము కాగితమువలె చదునైనది కాదు, ఉబ్బెత్తుగా నుండును. వ్రాత అంచులు దాటి ప్రక్కలకు వంగును. గుంటలోని నీడయే అక్షరము గనుక వెలుగు వచ్చు దిక్కు మాఱినచో అక్షరమే మాఱినట్లు తోచును. అందుచేత కెమెరాను కదల్పక, దీపమును మాత్రము పలుదిక్కులకు మార్చుచు పదుల కొలది చిత్రములు తీసి, వాని నన్నిటిని కంప్యూటరుచే కలిపి, చూచువాడు తనకు వలసిన దిక్కునుండి వెలుగు పడునట్లు చేయు ఉపాయమును 2001లో టామ్ మాల్జ్‌బెండరును ఆతని సహచరులును ప్రకటించిరి. వారు పరీక్షించిన వస్తువులలో మేకులిపి ఫలకమును ఒకటి. అరిగిపోయిన గీతలను బయటపెట్టుటలో ఇది యద్భుతమైన సాధనము. మేము దీనిని తక్కువ చేయము.

కాని గీత కనబడుట యొకటి, అది యే యక్షరమో తెలియుట వేఱొకటి. తెలియుటకు యంత్రమునకు ముందుగా పాఠము చెప్పవలయును. ఈ చిత్రము ఈ యక్షరము, ఆ చిత్రము ఆ యక్షరము అని వేలకొలది గుర్తులు పెట్టి చూపవలయును. ఆ గుర్తులు పెట్టువాడెవడు? చదువ నేర్చినవాడు. మేకులిపిలో ఒకే గుర్తు ఒకచోట ఒక శబ్దమును, వేఱొకచోట మఱియొక శబ్దమును, ఇంకొకచోట నిండుమాటను తెలుపును. మాటకును మాటకును నడుమ ఎడముండదు. అందుచేత అక్షరము గుర్తించిన తరువాతను భాష తెలియక చదువు సాగదు.

2020లో ఇస్రాయేలు పండితులు ప్రకటించిన యొక పరిశోధనలో యంత్రము అక్కాదియను శాసనములను నూటికి సుమారు 97 వంతులు సరిగా చదివినదని తేలెను. ఈ అంకెను మనవారు ఉత్సాహముతో చెప్పుకొందురు. ఆ యంత్రమున కిచ్చినది మట్టిఫలకమా? కాదు. ఫలకపు ఛాయాచిత్రమా? అదియు కాదు. 2006లో యూనికోడ్‌నందు మేకులిపికి స్థానము లభించిన పిమ్మట ఆ సంకేతములతో టైపు చేయబడిన అక్షరముల వరుస. దానిని ఉచ్చారణలోనికి మార్చుటయే యంత్రము చేసిన పని. ఆ పాఠమైనను అది యెక్కడ నేర్చెను? పండితులు తరతరములుగా పరిష్కరించిన అస్సిరియా రాజశాసనముల ప్రతులనుండి నేర్చెను. నూటయేబది యేండ్ల మానవశ్రమను మ్రింగి యంత్రము ఆ 97 మార్కులు తెచ్చుకొనినది. శ్రమను లెక్కింపక మార్కులను మాత్రము లెక్కించుట పంటను చూచి విత్తును మఱచుట వంటిది.

ఆ విత్తు మన పొలమున నున్నదా యని యిప్పుడు చూచుకొందము. తూర్పుకనుమలలో వ్రాతయే లేదనియు, అది అడవిజాతుల అజ్ఞానభూమి యనియు మైదానమువారు తలచుచుందురు. ఇది చరిత్ర తెలియని మాట. విశాఖపట్టణపు సీమలో దొరకిన దిబ్బిడ తామ్రశాసనము శకసంవత్సరము 1191, అనగా క్రీస్తుశకము 1269 నాటిది. అందు ఒడ్డాది నేలిన మత్స్యవంశపు రాజుల పుట్టుక చెప్పబడినది. మత్స్యరూపమున నున్న యప్సరసకు మత్స్యానదిలో సత్యమార్తాండుడు జన్మించెననియు, ఉత్కళరాజైన జయత్సేనుడు తన కూతురు ప్రభావతి నాతని కిచ్చి ఒడ్డాది సీమకు ప్రభువును చేసెననియు అందలి కథ. నేటికిని పాడేరు మన్యమున మత్స్యగుండమునందలి చేపలను జనులు పట్టరు, చంపరు, కొలుచుచున్నారు. కొండ నోటిలో నున్నదియు రాగిరేకులో నున్నదియు ఒకదాని కొకటి చుట్టములుగా తోచుచున్నవి. ఈ చుట్టఱికమును విచారింపవలసినవాడు రాగిరేకును చదువగలవాడును, కొండవాని మాట వినగలవాడును అయి యుండవలయును. కెమెరాకు ఈ రెండును రావు.

అట్టి చదువరి మనకు మునుపు లేకపోలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) శాసనలిపులను తనకు తానే నేర్చి, ముఖలింగము శాసనములు చదివి, గాంగుల కళింగనగరము ఆ ముఖలింగమే యని వాదించెను. శకసంవత్సరము 979 నాటి వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించెను. ఆ మనుష్యుడే సవరలనుండి సవరభాష నేర్చి, వారికి బడులు పెట్టించి, 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు కోశమును వెలువరించెను. ఈ రెండు పనులను ఒక్కడే చేయుట యాదృచ్ఛికమని మేము తలపము. రాతిమీది మాటను గౌరవించువాడు నోటిమీది మాటను గౌరవింపక యుండలేడు. ఆయనకు దీపములు మార్చు కెమెరా లేదు, కంప్యూటరు లేదు. చెవియు ఓర్పును ఉండెను. నేడు మనకు సాధనములన్నియు కలవు, ఆయనవంటి వారెందఱున్నారు?

ఇంక ప్రభుత్వపు పని విచారింతము. 2023 ఫిబ్రవరి 1వ తేదీని కేంద్రప్రభుత్వపు బడ్జెటు ప్రసంగమున 'భారత్ శ్రీ' యను శాసన భాండాగారమును నెలకొల్పుదుమనియు, మొదటి విడతగా లక్ష ప్రాచీన శాసనములను డిజిటలు రూపమునకు తెత్తుమనియు ప్రకటించిరి. ఇది తెలుగువారందఱును సంతోషింపవలసిన మాట. 1887 మొదలుకొని పురావస్తుశాఖవారు ఊరూర తిరిగి, రాతిని కడిగి, తడికాగితము పఱచి, కుంచెతో కొట్టి, నల్లసిరా అద్ది తీసిన ప్రతులు ఎన్నియో కలవు. ఆ కాగితము లరిగిపోకముందే చిత్రములు తీయుట తప్పక చేయవలసిన పని. రాళ్లకంటె కాగితములే మిగిలిన చోట్లు నున్నవి. గుడిని బాగుచేయుట యను పేర శాసనముపై సున్నము పూయువారును, రంగులు వేయువారును, పాతరాతిని తీసి మెట్టుగా వేయువారును మనలో కొఱత లేరు. కంకరకొఱకు గుట్టలను పగులగొట్టు చోట్ల రాతిని చదివి చూచిన పిమ్మట పగులగొట్టు నాచారము మనకు లేదు.

కాని లక్ష చిత్రములు తీయుట లక్ష శాసనములు చదువుట కాదు. ఈ పాఠము మనకు క్రొత్తది కాదు. ఈ శతాబ్దారంభమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యను పేరిట వేలకొలది తెలుగు పుస్తకములకు పుటపుటకు చిత్రములు తీసిరి. ఆ పని మహోపకారము. ఎన్నియో అలభ్య గ్రంథములు దానివలననే మనకు దక్కినవి. అయినను చిత్రము చిత్రముగానే నిలిచెను. అందులోని మాటను వెదకుటకు వీలులేకపోయెను. పుస్తకముల పేళ్లును గ్రంథకర్తల పేళ్లును రోమను లిపిలో చిత్రవిచిత్రముగా వ్రాయబడి, ఉన్న పుస్తకమును లేనిదానితో సమానము చేసినవి. పుస్తకము హస్తభూషణమని పెద్దలు పరిహాసము చేసిరి. ఈ పుస్తకము హస్తమునకును అందని భూషణమైనది. శాసనములకును ఇదే గతి పట్టింప దలచితిమా?

"ఆ కాలమున యంత్రమునకు తెలుగు రాదు, ఇప్పుడు వచ్చును గదా" యని యందురు. అచ్చు తెలుగు వచ్చుచున్నదన్న మాట నిజము. 1977లోనే రాజశేఖరన్, దీక్షితులు అను శాస్త్రజ్ఞులు అచ్చు తెలుగక్షరములను కంప్యూటరుచే గుర్తింపించు ప్రయత్నమును ప్రకటించిరి. 2001లో హైదరాబాదు విశ్వవిద్యాలయపు పండితులు తెలుగు చదువు యంత్రవ్యవస్థను నిర్మించిరి. గుణింతములు, వత్తులు, తలకట్లు వేఱువేఱు తునకలై యంత్రమును తికమకపెట్టగా, దశాబ్దముల కృషివలన నేటి స్థితికి వచ్చితిమి. అచ్చుతెలుగుకే ఇన్ని యేండ్లు పట్టినవి. శాసనపు తెలుగు వేఱు. అందు ఎకార ఏకారములకు, ఒకార ఓకారములకు భేదము వ్రాయబడదు. హ్రస్వమో దీర్ఘమో మాట నెఱిగినవాడే చెప్పవలయును. మాటలనడుమ ఎడముండదు. గాంగుల తామ్రశాసనములు కొన్నింటిలో ఉత్తరాది లిపులును దక్షిణాది లిపులును కలగలసి యుండును. రాతిపగులును గుడిదీర్ఘమును వేఱుపఱచుటకు అనుభవము కావలయును.

ముఖలింగము, శ్రీకూర్మము, సింహాచలము దేవాలయముల శాసనములు వందలకొలది 1920–1930 నడుమ దక్షిణభారత శాసనముల సంపుటములలో ముద్రితములైనవి. అవియే మన విత్తనపుగాదె. శాసనపు చిత్రము నొకవైపును, దాని ముద్రితపాఠము నొకవైపును ఉంచి, అక్షరమున కక్షరము జతపఱచి చూపిననే యంత్రము నేర్చును. ఆ జతపఱచు పని యెవరు చేయుదురు? పందిరి వేసి, మేళము పిలిచి, పెండ్లికొడుకును మఱచినట్లు, చిత్రములకు ధనము కేటాయించి చదువరిని మఱచుచున్నాము.

ఇంతవఱకు చెప్పినది పండితుల కష్టము. ఇక మన్యమువారి కష్టము చెప్పెదము. అదియే మా ముఖ్యవాదము. నేటి యంత్రము అక్షరము మసకగా నున్నప్పుడు తాను చదివిన గ్రంథరాశిలో ఎక్కువసార్లు కనబడిన మాట నచ్చట నూహించును. మైదానపు మాటలకు ఇది మేలే చేయును. అరుదైన మాటలకు ఇది యుగాంతము. డుంబ్రిగుడ, ముంచింగిపుట్టు, పెదలబుడు, సుంకరమెట్ట వంటి యూళ్ల పేళ్లను, కొండదొర, కోదు, గదబల యింటిపేళ్లను, సవర కులపెద్దల పేళ్లను ఎన్నడును చదువని యంత్రము వానిని తప్పులని యెంచి "దిద్దును". దిద్ది, తనకు తెలిసిన సంస్కృతపు మాటగనో తెలుగు మాటగనో మార్చును. మన గుమాస్తాలును పండితులును కలముతో చేసిన యన్యాయమునే యంత్రము వేయిరెట్ల వేగముతో చేయును. భేద మొక్కటే: గుమాస్తాను నిలదీయవచ్చును, యంత్రము తప్పును తప్పుగా చూపక నిర్మలమైన యచ్చుగా చూపును.

అరకులోయ చుట్టుపట్ల కొండ లేక కూబి, కువి, కుపియా, ఆదివాసీ ఒడియా, గదబ, పోర్జ మొదలగు భాషలు వినబడుచున్నవి. భద్రిరాజు కృష్ణమూర్తి ఆ సీమలో తిరిగి విని, 1969లో కొండభాషకు వ్యాకరణమును వెలువరించెను. సవరలలో మంగై గొమాంగో 1936లో తమ భాషకు ఇరువదినాలు గక్షరముల సొరాంగ్ సొంపెంగ్ లిపిని కల్పించెను. కొండవాడు లిపి లేనివాడని యెంచినవారికి ఆతడిచ్చిన యుత్తర మిది. 2012లో యూనికోడ్ ఆ లిపికి స్థానమిచ్చినది. స్థానము దొరకుట ఇల్లు కట్టుకొనుటకు నివేశనము దొరకుట వంటిది. అందు కాపురము చేయుటకు గ్రంథములు, పాటలు, కథలు, లెక్కలు, ఉత్తరములు టైపు కావలయును. అవి లేనిచో ఏ యంత్రమునకైనను ఆ లిపిని నేర్పుట కాధార మెక్కడిది? మూడువేల యేండ్లు వ్రాయబడి చచ్చిన లిపికి లక్షల పుటలు కలవు. బ్రతికియున్న లిపికి చాలినన్ని పుటలు లేవు. చచ్చినవాని మాట గుర్తించుటకు పడు శ్రమలో పదియవ వంతైన బ్రతికినవాని మాట వినుటకు పడరాదా?

ఇచట మమ్ము అడ్డగించువారు రెండు తెగలు. మొదటివారు దయామయులు. "మన్యమున జ్వరములున్నవి, త్రోవలు లేవు, గర్భిణిని డోలీలో మోయుచున్నారు, అట్టివారికి అక్షరములతో నేమి పని?" యని యందురు. త్రోవయు వైద్యమును ముందు కావలయుననుటకు మాకు సందేహము లేదు. కాని అక్షరము అన్నమునకు పగ కాదు. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు చేరకుండ 1959 నాటి నిబంధనను 1970లో మఱింత గట్టి చేసిరి. ఆ రక్షణ పొందవలసిన వానికి ఆధారము కాగితమే. పట్టాలో నొక పేరు, ఆధారు కార్డులో నొక పేరు, బడి రిజిస్టరులో నొక పేరు ఉన్నచో వాడు ఏ కచేరీలో నిలువగలడు? దృశ్యయంత్రము శాసనములతో ఆగదు. నేడో రేపో కచేరీలలోని పాతదస్తరములను, చేతివ్రాత లెక్కలను అదియే చదువును. ఆనాడు కొండవాని పేరును ఊరిపేరును అది "దిద్దినచో" పోవునది పాండిత్యము కాదు, పొలము.

రెండవవారు పండితులు. "యంత్రమా శాసనము చదువుట! ఇది మా గురుపరంపరకు చెందిన విద్య" యని ముఖము త్రిప్పుకొందురు. వీరికి మా సమాధానము కఠినమైనది. మీ విద్యను మీరెందఱికి నేర్పితిరి? మీ పెట్టెలలోని పాఠములను ఎన్నింటిని ప్రకటించితిరి? యంత్రము చేయగల పనులు కలవు. మసకగీతను తేటపఱచును; వేఱువేఱు చోట్ల పడియున్న తునకలలో ఒకదాని కొకటి అతుకువానిని వెదకి పెట్టును; ఒక మాట యే శాసనములందు వచ్చినదో క్షణములో చూపును. పండితుడు జీవితమంతయు చేయు సూచిక పనిని అది యొక పూటలో చేయును. ఆ మిగిలిన కాలమును అర్థవిచారమునకు వినియోగింపుడు. విద్యను దాచి యంత్రమును నిందించువాడును, యంత్రమును నమ్మి విద్యను వదలువాడును ఒకే గోతిలో రెండు ప్రక్కల పడుదురు.

కావున మేము కోరునవి నాలుగు. శాసనచిత్రములను ప్రకటించునప్పుడు ముద్రితపాఠములను వానితో జతపఱచి, జీతము కట్టక, అనుమతులకై త్రిప్పింపక సర్వజనులకు నందింపవలయును. ఇది మొదటిది. పాడేరు, అరకు, పార్వతీపురము, సీతంపేటల కళాశాలలలో శాసనలిపులు నేర్పు తరగతులు పెట్టి, కొండయువకులను, యువతులను చేర్చుకొని, పని నేర్చు కాలమున వారికి భృతి యీయవలయును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తును, విజయనగరపు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమును ఉండగా ఇది యసాధ్యమనుట సోమరితనము. ఇది రెండవది. కొండభాషల మాటలను, ఊళ్ల పేళ్లను, ఇంటిపేళ్లను ఆ భాషవారి నోట విని, వారి సమ్మతితో, వారు వాడు లిపిలో, అది తెలుగైనను సొరాంగ్ సొంపెంగ్ అయినను, వ్రాయించి యంత్రమునకు పాఠముగా పెట్టవలయును. ఇది మూడవది. యంత్రము చదివిన ప్రతిపాఠమునందును సందేహమున్న యక్షరములను వేఱు గుర్తుతో చూపవలయును. దానిని సరిచూచిన మనుష్యుని పేరు క్రింద నుండవలయును. పేరులేని పాఠము ప్రమాణము కారాదు. ఇది నాలుగవది.

ఈ నాలుగింటిలో ఏదియు కోట్ల వ్యయముతో కూడినది కాదు. కావలసినది గౌరవము. మైదానపు పండితుడు కొండపిల్లవానిని తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఈ రేకులోని యూరిపేరు మీ యూళ్లలో నెట్లు పలుకుదురు నాయనా?" యని యడుగు నోపిక కావలయును. గదబ పిల్లయో కొండదొర పిల్లవాడో చెప్పిన యుత్తరమును పుస్తకములో వారి పేరుతో వ్రాయు న్యాయబుద్ధి కావలయును. ఇవి యే దుకాణమునందును దొరకవు, ఏ టెండరునందును రావు.

చదువరులారా! కెమెరాలు కొనుడు, దీపములు తెచ్చుడు, లక్షచిత్రములు తీయుడు. మేము వలదనము. కాని తీసిన ప్రతిచిత్రమునకును "దీనిని చదువువా డెవడు?" అను ప్రశ్నను జతపఱచి, జవాబు దొరకువఱకు పని ముగిసినదని యెంచకుడు. మేకులిపి చదువబడినది మట్టి యొకనాడు మాటలాడినందున కాదు, మనుష్యులు తరతరములుగా చెవియొగ్గినందున. మన కొండలు ఇంకను మాటలాడుచున్నవి. చెవియొగ్గుటకు మనకు మిగిలిన కాలము అంత లేదు.